టీచర్‌కు టీచరే తోడు: స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన ఎక్కడ మొదలై ఎటు వచ్చింది

తెలుగు రాష్ట్రాల్లో సర్కారు బడి టీచర్లు ఎవరిని అడిగినా కాంప్లెక్స్ మీటింగ్ ఎలా ఉంటుందో చెబుతారు. చుట్టుపక్కల బడుల గుంపే స్కూల్ కాంప్లెక్స్. ఆ బడుల వాళ్లంతా ఒక హైస్కూల్లో చేరతారు. హాజరు సంతకం, పైనుంచి వచ్చిన ఎజెండా, ఒక మోడల్ లెసన్, మధ్యలో టీ, నింపి ఇవ్వాల్సిన ఫారాలు, సాయంత్రం మళ్లీ సంతకం. 2020 జాతీయ విద్యావిధానం ఈ కాంప్లెక్సులకు ఒక అధ్యాయమే కేటాయించింది. ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవాలని కూడా చెప్పింది. ఆ గంటలు ఎవరి ఆధ్వర్యంలో, ఏ విషయం మీద గడవాలన్నదే ఇప్పటి ప్రశ్న. దీని వెనక దాదాపు అరవై ఏళ్ల కథ ఉంది.

1964లో కేంద్రం దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన విద్యా కమిషన్ వేసింది. 1966లో నివేదిక వచ్చింది. ఏ బడికి ఆ బడి ఒంటరిగా నడుస్తుండటం ఆ కమిషన్‌ను బాగా కలవరపెట్టింది. ఊరికో బడి, అందులో ఒకరో ఇద్దరో టీచర్లు. పాఠం చెప్పడంలో చిక్కు వస్తే అడుగుదామంటే పక్కన మనిషి లేరు. ఎప్పుడో వచ్చే ఇన్‌స్పెక్టరు రికార్డులు చూసి వెళ్లిపోతారు. అంతటి పెద్దాయన ముందు ‘ఈ లెక్క పిల్లలకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదండీ’ అని ఎవరంటారు?

కమిషన్ రెండంచెల ఏర్పాటు సూచించింది. ఒక అప్పర్ ప్రైమరీ బడి చుట్టూ పదికి అటూ ఇటూగా ప్రైమరీ బడులు. అలాంటి వాటన్నిటినీ కలుపుతూ పైన ఒక హైస్కూలు. హెడ్మాస్టర్లంతా ఒక కమిటీగా కూర్చుని తమ ప్రాంతంలో చదువులు ఎలా సాగాలో తామే ప్లాన్ వేసుకోవాలి. ల్యాబ్ సామాను, లైబ్రరీ పుస్తకాలు పంచుకోవాలి. హైస్కూల్లో సబ్జెక్టు మీద పట్టున్న టీచర్లు చిన్న బడుల టీచర్లకు అండగా ఉండాలి. విద్యాశాఖ తన అధికారాల్లో కొన్నింటిని ఈ కాంప్లెక్సులకు అప్పగించవచ్చని కూడా కమిషన్ చెప్పింది. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన మాట ఇదే, అమలుకు నోచుకోనిదీ ఇదే. కాంప్లెక్స్ అన్న పేరు వచ్చింది కానీ నిర్ణయాధికారం రాలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆలోచనకు ప్రాణం పోసింది బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. అందరూ ఏపీపెప్ అనేవారు. 1980ల్లో 11 జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. 1989 నుంచి 23 జిల్లాలకూ విస్తరించింది. డబ్బులో పెద్ద భాగం తరగతి గదుల నిర్మాణానికే పోయినా, దానితోపాటు ఉపాధ్యాయ కేంద్రాలు వచ్చాయి. ముందు టీచర్లకు ఒక కోర్సు, కొంతకాలం బడిలో ఆచరణ, తర్వాత కేంద్రంలో కలుసుకుని ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకోవడం. ఒకసారి ట్రైనింగ్ ఇచ్చి వదిలేయకుండా, చేసి చూసినదాన్ని తిరిగి తోటివాళ్ల ముందు పెట్టించిన పద్ధతి ఇది.

ఏపీపెప్‌కు ఆరు సూత్రాలు. కృత్యాలను టీచరే తయారుచేసుకోవాలి. పిల్లలు చేస్తూ, స్వయంగా కనుక్కుంటూ నేర్చుకోవాలి. ఒంటరిగా, గ్రూపుల్లో, తరగతి మొత్తంగా మూడు రకాలుగానూ పని సాగాలి. పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవాలి. చుట్టూ ఉన్న పరిసరాలనే వాడుకోవాలి. పిల్లలు చేసినవి ప్రదర్శించి తరగతి గదిని కళకళలాడేలా ఉంచాలి. ఇవాళ డీఎస్సీకి చదివేవాళ్లు వీటిని బిట్లుగా బట్టీపడుతున్నారు. ఆ రోజుల్లో పనిచేసిన టీచర్లకైతే ఇవి గోడ నుంచి గోడకు కట్టిన తాడు, దానికి వేలాడిన బొమ్మలు, ఇంటినుంచి తెచ్చిన చింతగింజలు, ఖాళీ అగ్గిపెట్టెలు.

పైకి కనిపించేది తొందరగా వచ్చింది, కనిపించనిది రాలేదు. చాలాచోట్ల పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టారు కానీ అందరి చేతా అదే పని చేయించారు. పర్యవేక్షణకు వచ్చేవాళ్లు తాడునూ చార్టులనూ సులువుగా లెక్కపెట్టగలరు. తేడాలను గుర్తించి పాఠం మార్చుకున్న టీచర్ని గుర్తించాలంటే గంటసేపు వెనక బెంచీలో కూర్చోవాలి. ఆ ఓపిక, ఆ తీరిక ఉన్నవాళ్లు తక్కువ. ఇందులో తప్పంతా టీచర్ల మీదకు నెట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

1996లో డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) వచ్చింది. మొదట విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో మొదలై, తర్వాత మరిన్ని జిల్లాలకు పాకింది. మండల రిసోర్స్ సెంటర్లు, మండల రిసోర్స్ పర్సన్లు (ఎంఆర్‌పీలు) అనే మాటలు బడుల్లో స్థిరపడింది అప్పుడే. 2001 తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చాక దీనికి లెక్క కుదిరింది. టీచర్‌కు ఏటా 20 రోజుల శిక్షణ అన్నారు. నిబంధనలు సవరించాక అందులో పది రోజులు మండల స్థాయి శిక్షణకు, పది రోజులు నెలనెలా జరిగే క్లస్టర్ (కాంప్లెక్స్) మీటింగులకు అయ్యాయి. టీఎల్ఎం (బోధనోపకరణాలు) చేసుకోవడానికి ఒక్కో టీచర్‌కు ఏటా 500 రూపాయలు ఇచ్చారు.

శిక్షణ అంచెలంచెలుగా దిగేది. రాష్ట్రస్థాయిలో కొందరు నేర్చుకుని జిల్లావాళ్లకు, వాళ్లు ఎంఆర్‌పీలకు, ఎంఆర్‌పీలు టీచర్లకు. కాలువ చివరి భూములకు నీళ్లు అందనట్టే, పైన అయిదు రోజులు చెప్పింది కింద రెండు రోజులకు కుదించుకుపోయేది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎంఆర్‌పీ కూడా టీచరే. తన బడిలో పదేళ్లుగా ఒకటో తరగతికి చదవడం నేర్పిన అనుభవం ఆమెకు ఉండి ఉండొచ్చు. కానీ మీటింగులో ఆమె చెప్పాల్సింది పైనుంచి వచ్చిన మాడ్యూల్. ఆమెకు తెలిసినదానికి అందులో చోటు లేదు.

తోటి టీచర్ల నేర్చుకోవడాన్ని నడిపించడం అంటే ఏమిటో ఒక చిన్న లెక్కతో చెప్పొచ్చు. 402లోంచి 178 తీసేయమంటే నాలుగో తరగతి పిల్లాడు 376 అని రాశాడనుకుందాం. రావాల్సింది 224. ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టేసి ముందుకు పోవచ్చు. అదే కాగితాన్ని మీటింగులో పదిహేను మంది మధ్య పెట్టి ‘వీడు ఇలా ఎందుకు చేశాడంటారు సార్?’ అని ఎవరైనా అడిగితే, కాసేపటికి ఒకరు పట్టుకుంటారు. ప్రతి వరుసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేశాడు, పైదా కిందదా చూడలేదు. ‘మా బడిలోనూ నలుగురు ఇలాగే చేస్తున్నారు’ అంటారు ఇంకో మేడమ్. పక్క వరుస నుంచి పదిని అప్పు తెచ్చుకోవడం పుల్లలతో చెప్పాలా, నోట్లతో చెప్పాలా, మధ్యలో సున్నా ఉంటే ఏం చేయాలి అన్న చర్చ అక్కణ్నుంచి మొదలవుతుంది. వచ్చే నెల మళ్లీ కాగితాలు తెచ్చి చూసుకోవచ్చు. దీన్ని నడిపించేవాళ్లకు పెద్ద హోదా అక్కర్లేదు. అడగడం తెలియాలి, వినడం తెలియాలి, వచ్చే నెల ఇదే విషయం కొనసాగిద్దామని చెప్పగల స్వేచ్ఛ ఉండాలి.

ఈ పని చేయాల్సిన మనుషులకు ఏమైంది? క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు (సీఆర్‌పీలు) కాంట్రాక్టు ఉద్యోగులు. ఆంధ్రప్రదేశ్‌లో సీఆర్‌ఎంటీలు అంటారు. బడి బడికీ తిరిగి టీచర్లకు సాయపడాల్సిన వాళ్లు యూడైస్ (బడుల గణాంకాల) లెక్కలు, పుస్తకాల పంపిణీ, ఆఫీసుకు అందాల్సిన రిపోర్టుల్లో మునిగిపోయారు. పర్మనెంట్ టీచర్‌కు సలహా చెప్పే చొరవ కాంట్రాక్టు మనిషికి ఎక్కణ్నుంచి వస్తుంది? ఇక ఎంఈఓలు (మండల విద్యాధికారులు), డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) లెక్చరర్ల పోస్టులు. ప్రభుత్వ టీచర్లకూ పంచాయతీరాజ్ టీచర్లకూ ఒకే సర్వీస్ రూల్స్ ఉండాలా వద్దా అన్న వివాదం దశాబ్దాలుగా కోర్టుల్లో నలిగింది. దాంతో ప్రమోషన్లు ఆగి, కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. ఎన్నో మండలాల్లో హైస్కూలు హెడ్మాస్టరే ఇన్‌ఛార్జి ఎంఈఓ. సొంత బడి చూసుకోవాలా, మండలం చూసుకోవాలా, కాంప్లెక్సులో పాఠాల గురించి కూర్చుని మాట్లాడాలా? మూడూ ఒక మనిషితో అయ్యేవి కావు.

2014లో రాష్ట్రం విడిపోయాక రెండుచోట్లా కాంప్లెక్సులు కొనసాగాయి. తెలంగాణ 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ తెచ్చి ప్రైమరీ పిల్లల చదవడం, రాయడం, లెక్కల మీద దృష్టి పెట్టింది. ఆంధ్రప్రదేశ్ మండలానికి రెండో ఎంఈఓ పోస్టు ఇచ్చింది, ప్రపంచ బ్యాంకు సాయంతో బడి చదువుల మెరుగుదలకు సాల్ట్ పథకం మొదలుపెట్టింది. ఈలోగా 2017లో కేంద్రం ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష, 2019లో టీచర్లకు నిష్ఠ శిక్షణ వచ్చాయి. కోవిడ్ తర్వాత చాలా కోర్సులు ఫోన్లోకి చేరాయి. వీడియో చూడటం, క్విజ్ రాయడం, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం. దూరపు ఊళ్లలో ఉన్నవాళ్లకు వీటివల్ల మేలు జరగలేదని అనను. కానీ ఆ 376 గురించి అడిగే తోటి మనిషి ఫోన్లో ఉండరు.

2020 విధానంలోని 50 గంటల వాక్యాన్ని చాలామంది సగమే చదువుతున్నారు. ఆ గంటలు టీచర్ల సొంత ఆసక్తిని బట్టి సాగాలని అదే వాక్యంలో ఉంది. దాన్ని నిజంగా పాటించాలంటే కాంప్లెక్స్ మీటింగులో కనీసం సగం సమయం అక్కడి టీచర్లకే వదిలేయాలి. ఏ విషయం మీద కూర్చోవాలో వాళ్లే ముందు నెల తేల్చుకోవాలి. నడిపించే టీచర్‌కు సిద్ధం కావడానికి ఓడీ (ఆన్ డ్యూటీ) ఇవ్వాలి. సీఆర్‌పీల నుంచి డేటా పని తీసేసి వేరే ఉద్యోగికి అప్పగించాలి. వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త పథకం అక్కర్లేదు, విద్యాశాఖ ఉత్తర్వు చాలు.