ఆ రెండు సెకన్ల గురించి

పిల్లలూ,

ధరలు ఒకసారి చదివి దాచుకునేలా మార్చాక మీ కొబ్బరి లెక్కల ప్రోగ్రాం వేగం పెరిగినట్టు అనిపించిందని రాశారు. సంతోషం. కానీ "అనిపించింది" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మార్పు ఖాయం చేసే ముందు కొలిచి చూడండి.

సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి గోదావరి దాటించే పంటు ఎక్కితే దూరం తక్కువే. అయినా అది అవతలి ఒడ్డు నుంచి వచ్చేదాకా రేవులో నిలబడ్డ సేపు కూడా ప్రయాణమే కదా. చించినాడ వంతెన మీదుగా వెళ్తే చుట్టు తిరుగుడు, కానీ రేవులో కాచుకునే పని లేదు. ఏది ముందు చేరుస్తుందో తెలియాలంటే ఇంటి గుమ్మం దగ్గరే గడియారం చూసుకోవాలి.

మీరు ప్రోగ్రాంలో లెక్క కట్టే ఫంక్షన్‌ ఒక్కదాన్నే చూశారు. మొత్తం పనికి 20 సెకన్లు అనుకోండి. ఫైలు చదివి వరుసలు విడదీయడానికే 16 పోతే, లెక్కకు మిగిలేది 4. దాన్ని సగం చేసినా మొత్తం 18. ఎంత గొప్పగా రాసినా 16 కిందికి దిగదు. కంప్యూటర్ ఇంజనీరు జీన్ ఆమ్‌డాల్ 1967లో సమాంతరంగా పనిచేసే కంప్యూటర్ల గురించి లేవనెత్తిన వాదన ఇలాంటిదే.

పాత కోడ్ పక్కనే ఉంచుకోండి. అదే కంప్యూటర్, అదే ఫైలు. పైథాన్‌లో సమయం కొలిచే పెర్ఫ్ కౌంటర్ ఉంది, దాంతో రెండింటినీ మార్చి మార్చి 20 సార్లు నడపండి. మొదటిసారి ఫైలు డిస్క్ నుంచి రావచ్చు, తర్వాత మెమరీలోనే దొరుకుతుంది. అందుకే మొదటి అంకె విడిగా రాసుకోండి. పాత కోడే ఒక సెకను అటూ ఇటూ అవుతుంటే, అర సెకను లాభాన్ని నమ్మకండి. జవాబులు మాత్రం పైసాతో సహా కలవాలి.

ఇక ఈ మార్పుతో వచ్చే ఇబ్బంది సంగతి. ధరలు ఒకసారి చదివి దాచుకుంటున్నారు కదా, ఒక కొబ్బరి వ్యాపారికి రాసిచ్చిన ప్రోగ్రాంలో నేనూ అదే చేశాను. మధ్యాహ్నం వెయ్యి కాయల ధర మారింది. ప్రోగ్రాం పొద్దుటి ధరే పట్టుకు కూర్చుంది. సాయంత్రం దాకా వేసిన బిల్లులన్నీ తప్పే. లారీలు వెళ్లిపోయాక గుమాస్తా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిదిద్దుకున్నాడు. అతను పడ్డ టెన్షన్ నాకింకా గుర్తుంది. నేను మిగిల్చింది బిల్లుకు ఒక రెప్పపాటు.

మీది రాత్రిపూట ఒక్కసారి నడిచేదైతే ఆ 2 సెకన్లు వదిలేయండి. లారీ పక్కన మనిషి నిలబడి ఎదురుచూసేదైతే వేగం కావాలి, కానీ ముందు ఆ 16 సెకన్ల మీద చెయ్యి వేయండి. రోజుకు ఎన్నిసార్లు నడుస్తుందో, ధర ఎవరు మారుస్తారో రాయండి. కొలతలు కూడా పంపితే దసరా సెలవుల్లో కలిసి చూద్దాం.

మీ తాతయ్య