ఇంప్లాంట్ క్యాప్ అందంగా లేకపోతే ఇంప్లాంటే తీయించాలా? అపోహలు - వాస్తవాలు

ముందు పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకొని, దాని మీది క్యాప్ చూడడానికి బాగా లేదని బాధపడుతూ వచ్చేవారిలో చాలామంది "డాక్టరు గారూ, ఇది ఫెయిలైంది, తీసేసి కొత్తది పెట్టండి" అనే మాటతోనే మొదలుపెడతారు. ఆ మాట బంధువులు చెప్పి ఉంటారు, లేదా ఏదో వీడియోలో విని ఉంటారు. మా వృత్తిలో జనానికి ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ మరొకటి నాకు కనిపించలేదు.

అపోహ: క్యాప్ బాగా లేదంటే ఇంప్లాంట్ విఫలమైనట్లే.

వాస్తవం: ఎముకలోని టైటానియం ఇంప్లాంట్ వేరు, దానికి స్క్రూతో బిగించి, క్యాప్‌ను నిలబెట్టే అబట్‌మెంట్ అనే ముక్క వేరు, పైకి కనిపించే క్యాప్ వేరు. స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో తొలి రోగికి అమర్చిన నాటి నుంచి ఈ చికిత్సకు ఆధారం టైటానియం ఎముకతో కలిసిపోవడమే. అలా గట్టిగా కలిసిపోయినదాన్ని బయటకు తీయబోతే చుట్టూ ఉన్న ఎముక కూడా కొంత పోయే ప్రమాదం ఉంది. ఎముక తగ్గితే దాన్ని ఆనుకొని ఉన్న చిగురు కూడా వెనక్కి పోతుంది కనుక, అందం కోసం చేయించుకున్న పనే ఉన్న అందాన్ని చెడగొడుతుంది.

కాబట్టి లోపం క్యాప్‌లో ఉందా, చిగురులో ఉందా, ఇంప్లాంట్ కూర్చున్న కోణంలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. రంగు, పొడవు, ఆకారమే సమస్య అయితే క్యాప్ మారిస్తే సరిపోతుంది. చిగురు మందం 2 మి.మీ. కన్నా తక్కువగా ఉన్నచోట మాత్రం లోహపు నీడ పైకి కనిపించే అవకాశం ఎక్కువ. అప్పుడు అబట్‌మెంట్‌ను జిర్కోనియాకు (పంటి రంగులో ఉండే గట్టి పింగాణీ) మార్చడమో, అంగిలి నుంచి తీసిన చిన్న పొరను చిగురు కింద అమర్చి మందం పెంచడమో చేయాలి.

ఒక ఉపాధ్యాయురాలు నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేవారు. క్యాప్ సున్నం కొట్టినంత తెల్లగా ఉంది, చిగురు అంచున బూడిదరంగు చార ఉంది. ఇంప్లాంట్ తీయించుకోవడమే మార్గమని ఆమెకు ఎవరో చెప్పారు. ఎక్స్‌రేలో ఎముక నిండుగా ఉంది, చిగురులో వాపు గానీ రక్తం కారడం గానీ లేదు. స్క్రూ విప్పి అబట్‌మెంట్ తీయగానే ఆ చార చాలావరకు కనిపించకుండా పోవడం ఆమెకు అద్దంలో చూపించాను. తాత్కాలిక క్యాప్‌ను కొద్దికొద్దిగా సవరిస్తూ కొన్ని నెలలపాటు చిగురుకు ఆకారం ఇచ్చి, పళ్లు ఆరిపోకముందే పగటి వెలుతురులో షేడ్ చూసుకొని, జిర్కోనియా అబట్‌మెంట్ మీద కొత్త క్యాప్ వేశాము. ఇంప్లాంట్ మాత్రం పాతదే.

ఇంప్లాంట్ పెదవి వైపు బాగా ఒరిగి చిగురు పైకి జరిగిపోతే క్యాప్ ఒక్కటే దాన్ని దాచలేదు, అలాంటి అరుదైన సందర్భాల్లో ఇంప్లాంట్‌నే తీయక తప్పదు. చీము, రక్తం, ఎముక కరగడం ఉంటే ముందు ఆ జబ్బుకు చికిత్స చేయాలి, అందం సంగతి ఆ తరువాత.

అపోహ: బ్లీచింగ్‌తో క్యాప్ తెల్లబడుతుంది.

వాస్తవం: పింగాణీ రంగు మారదు. ముందు సహజమైన పళ్లకు బ్లీచింగ్ చేయించుకొని, సుమారు రెండు వారాలు ఆగి, ఆ రంగుకు తగిన క్యాప్ చేయించుకోవాలి.

అపోహ: క్యాప్ కదిలితే ఇంప్లాంట్ ఊడుతున్నట్లే.

వాస్తవం: చాలాసార్లు వదులైనది స్క్రూ మాత్రమే. ఇంట్లో జిగురుతో అంటించకుండా వెంటనే చూపించుకోండి.

అపోహ: పెళ్లి సంబంధాలు చూసేలోపు, పదహారేళ్లకైనా ఇంప్లాంట్ పెట్టించేయవచ్చు.

వాస్తవం: ఆ తల్లిదండ్రుల ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కానీ దవడ పెరుగుతూ పక్క పళ్లు దిగుతుంటే ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోతుంది, కొన్నేళ్లకు ఆ క్యాప్ పొట్టిగా కనిపిస్తుంది. పెరుగుదల ఆగేవరకు పక్క పంటికి అంటించే కృత్రిమ పన్నుతో (బ్రిడ్జి) సరిపెట్టుకోవచ్చు.

క్యాప్ మార్చాలన్నా ఇంప్లాంట్ ఏ కంపెనీది, ఏ మోడల్, ఏ సైజు అన్నవి తెలియాలి, ఎందుకంటే ఒకదాని విడిభాగాలు సాధారణంగా మరొకదానికి సరిపోవు. ఆ వివరాలున్న కార్డును, చివరి ఎక్స్‌రేను చికిత్స ముగిసిన రోజే అడిగి తీసుకోండి, మరో డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.