గురక జబ్బు పేరు కాదు: నాటుకోళ్ల శ్వాస జబ్బులపై అపోహలు, వాస్తవాలు

ముసురు పట్టిందంటే నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. "డాక్టరు గారూ, కోళ్లకి గురకండి. మెడికల్ షాపులో క్యాప్సూల్ తెచ్చి వేశామండి. రెండ్రోజులు ఆగిందండి, మళ్లీ మొదలైందండి." కోనసీమలో పశువైద్యుడిగా పదిహేనేళ్ల నుంచి వింటున్న మాటలివి. మిగతా అపోహల సంగతి తర్వాత. ముందు దీని సంగతి చెప్పాలి.

అపోహ: గురకకి క్యాప్సూల్ వేస్తే తగ్గిపోతుంది.

వాస్తవం: గురక జబ్బు పేరు కాదు, ఒక చప్పుడు. రాణీఖేత్‌లో, అంటే మన కొక్కెర తెగుల్లో గురక వస్తుంది. సీఆర్‌డీ అనే దీర్ఘకాలిక శ్వాస జబ్బులో వస్తుంది, కొరైజా అనే ముక్కు జబ్బులో వస్తుంది. వానకని చుట్టూ పాలిథిన్ కట్టేసిన గూట్లో తడిసిన ఊక నుంచి లేచే అమ్మోనియా ఘాటు కూడా ఊపిరిగొట్టాన్ని పాడుచేస్తుంది. నమ్మకపోతే వంగి కోడి ఎత్తులో ముక్కు పెట్టి చూడండి. మీ కళ్లు మండితే వాటికి రాత్రంతా అదే గాలి.

మీరు తెచ్చే క్యాప్సూల్ చాలాసార్లు అమాక్సిసిలిన్. అది బ్యాక్టీరియాని తన చుట్టూ గోడ కట్టుకోనివ్వకుండా చంపుతుంది. సీఆర్‌డీ తెచ్చే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి అసలు ఆ గోడే ఉండదు. రాణీఖేత్ అయితే వైరస్, దాని మీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. మరి రెండ్రోజులు ఎందుకు ఆగింది? ఎండ కాసి గూడు ఆరి ఉంటుంది. లేదా అసలు జబ్బు మీద వచ్చి చేరిన వేరే బ్యాక్టీరియా తగ్గి ఉంటుంది. అసలుది అలాగే ఉంది. మీరు పోగొట్టుకున్నది క్యాప్సూల్ డబ్బులు కాదు, ఆ రెండ్రోజులు.

మూడేళ్ల కిందట సంక్రాంతి వెళ్లాక ఒక లంక ఊరి నుంచి ఒకావిడ నావ దాటి ఆస్పత్రికి వచ్చారు. చేతిలో ఎరువుల సంచి, అందులో రెండు పెట్టలు, ఒకటి అప్పటికే చచ్చిపోయింది. ఇంట్లో పద్దెనిమిది కోళ్లు. సంతలో ఒక పుంజుని కొని తెచ్చి, ఆ సాయంత్రమే వాటితో కలిపేశారు. అది తుమ్ముతుంటే క్యాప్సూల్ పొడి అన్నంలో కలిపి నాలుగు రోజులు పెట్టారు. బతికున్న పెట్టని బయటికి తీస్తే మెడ ఒక పక్కకి మెలి తిరిగిపోయింది. నేల మీద వదిలితే వెనక్కి వెనక్కి నడిచింది. రెట్ట పచ్చగా నీళ్లలా ఉంది. చచ్చినదాన్ని కోసి చూశాను. కందనకాయకి ముందుండే సంచి లోపలి పొర మీద గుండుసూది తలంత ఎర్రచుక్కలు. "మొదటి రోజే తెస్తే బతికించేవారా బాబూ?" అని అడిగారు. ఆ పుంజుని బతికించగలిగేవాణ్నని చెప్పలేకపోయాను. రాణీఖేత్‌కి మందు లేదు. కానీ తెచ్చిన రోజే దాన్ని దూరంగా వేరే గంప కింద ఉంచి, దాని మేత గిన్నె, నీళ్ల గిన్నె వేరు చేసి ఉంటే మిగతావి దక్కే అవకాశం ఉండేది. పద్దెనిమిదిలో మూడు మిగిలాయి. గుడ్ల డబ్బులతో నోటుపుస్తకాలు కొనుక్కునే మనవరాలు ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

కొత్త కోడిని కనీసం రెండు మూడు వారాలు వేరుగా ఉంచండి. చూడ్డానికి ఎంత బాగున్నా సరే.

గురక వినిపిస్తే రాత్రి కోళ్లన్నీ సద్దుమణిగాక గూటి దగ్గర నిలబడి వినండి, ఎన్నింటికి ఉందో తెలుస్తుంది. ఆ కోళ్లని వెలుతురులో చూడండి. కంటి మూలన సబ్బు నురగలాంటి బుడగలుండి, నెమ్మదిగా చిక్కిపోతుంటే సీఆర్‌డీని అనుమానిస్తాం. ముఖం వాచి, చీమిడి కంపు కొడితే కొరైజా. పచ్చ రెట్ట, మెడ వంకర, రోజుకి రెండు మూడు చావులు అంటే కొక్కెర తెగులు. ఇవి కలిసి కూడా వస్తాయి. అందుకే చూసింది చూసినట్టు మాకు చెప్పండి, మందు మేం రాస్తాం. దగ్గర్లో ఆస్పత్రి లేకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

సరైన మందు రాసినా పనిచేయని ఇళ్లున్నాయి. గిన్నె నీళ్లలో మందు కలిపి కోళ్లని పెరట్లోకి వదిలేస్తారు. అవి వెళ్లి బోరింగు దగ్గర గుంటలో తాగుతాయి, పశువుల కుడితి తొట్లో తాగుతాయి. మందు గిన్నె సాయంత్రం దాకా నిండుగానే ఉంటుంది. మందు నడిచినన్నాళ్లూ మూసి ఉంచండి, వేరే నీళ్లు అందనివ్వకండి, రోజూ కొత్తగా కలపండి. గురక ఆగినా చెప్పిన రోజులన్నీ వాడండి. మందు ఆపాక మేం చెప్పిన గడువు దాటేదాకా ఆ గుడ్లు తినొద్దు, అమ్మొద్దు. సీఆర్‌డీ తగ్గిన పెట్ట బాగానే కనిపిస్తుంది కానీ మైకోప్లాస్మా దానిలోనే ఉంటుంది, గుడ్డు ద్వారా పిల్లకీ పోతుంది. దాని గుడ్లు పొదిగించకండి.

పసుపు, వెల్లుల్లి పెడితే తప్పు లేదు, వాటినే మందనుకుని వారం ఆగితే తప్పు. పుంజుకి బ్రాందీ పట్టకండి, అది ఊపిరిగొట్టంలోకి పోతే అక్కడికక్కడే పోతుంది. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు తుమ్మిన ప్రతి కోడినీ చూసి జనం హడలిపోయారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. ఒక కోడి తుమ్మితే బర్డ్ ఫ్లూ కాదు. ఉన్నట్టుండి గుంపుగా చస్తుంటే మాత్రం చేత్తో ముట్టుకోకుండా, కోయకుండా వెంటనే చెప్పండి. చచ్చిన కోడిని పంట కాలువలో పారేయకండి. దిగువన ఇంకో ఊరుంది. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

రాణీఖేత్ టీకా వేస్తే జబ్బు వస్తుందంటారు. అప్పటికే జబ్బు లోపల ఉన్న కోడికి వేస్తే అలా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే వేయాలి. మొదటి వారంలో కంట్లో చుక్క, నాలుగో వారంలో లసోటా టీకా చుక్క, ఎనిమిది పది వారాలకి ఆర్‌2బి టీకా సూది. ఆర్‌2బి చిన్న కోడిపిల్లలకి వద్దు. అసలు చిక్కేమిటంటే సీసాలో 100 డోసులుంటాయి, ఇంట్లో పది కోళ్లుంటాయి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి.

ఆ లంకలో ఇప్పుడు ఈ పని ఆవిడే చూస్తున్నారు. పది ఇళ్ల వాళ్లకి ముందురోజే కబురు పెడతారు. నేను సీసాని ఐసులో పెట్టుకుని తెల్లవారుజామునే నావ ఎక్కుతాను. నేను రేవు దాటేసరికి కోళ్లన్నీ గంపల కింద ఉంటాయి. మీ ఊళ్లోనూ రాత్రే మూసి ఉంచండి, తెల్లారి వదిలేస్తే వాటిని పట్టేసరికి రెండు గంటలూ అయిపోతాయి.