చేబదులు తీసుకుని తిరిగిచ్చే పరమాణువులు

ఉప్పు వేసిన మంటకు నల్లటి నీడ పడుతుందంటే చాలామంది నమ్మరు. గుంటూరు కాలేజీల్లో బీఎస్సీ ఫిజిక్స్ చదివినవాళ్లకు న్యూటన్ వలయాల ప్రయోగంలో వాడే సోడియం దీపం గుర్తుండే ఉంటుంది. వేయగానే ఎర్రగా వెలిగి, కొన్ని నిమిషాలకు నిండు పసుపు రంగుకు వస్తుంది. ల్యాబ్‌లో మిగతా లైట్లన్నీ తీసేసి, మంట కదలకుండా ఫ్యాన్ కూడా ఆపి, ఆ దీపానికీ గోడకూ మధ్య బర్నర్ వెలిగించండి. ఉప్పునీటిలో ముంచిన తీగను ఆ మంటలో పెట్టండి. గోడ మీద మంట నీడ నల్లగా ఊగుతుంది. అదే మంటను ఎల్ఈడీ బల్బు ముందు పెడితే ఆ నల్లటి నీడ ఉండదు. మార్చి నెల ప్రాక్టికల్స్‌లో చెమటలు కారుతున్నా ఒక్కసారి చూసిన పిల్లలు మళ్లీ చూపించమంటారు.

ఈ నీడకు కారణం అనునాదం. సోడియం పరమాణువులో బయటి ఎలక్ట్రాన్ కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్లాలంటే కచ్చితంగా ఇంత శక్తి కావాలని లెక్క ఉంది. 589 నానోమీటర్ల పసుపు కాంతి సరిగ్గా ఆ శక్తిని తెస్తుంది. సెకనుకు సుమారు 5 కోట్ల కోట్ల సార్లు కంపించే ఆ కాంతి లయ, పరమాణువు సొంత లయ ఒకటే. దీపంలో ఉన్నదీ సోడియమే, మంటలో ఉన్నదీ సోడియమే కాబట్టి మంటలోని పరమాణువులు ఆ కాంతిని పట్టుకుంటాయి. సగటున 16 నానోసెకన్ల తర్వాత వదిలేస్తాయి. అయితే వచ్చిన దారిన వదలవు, ఎటుపడితే అటు చిమ్ముతాయి. గోడ దాకా చేరే కాంతి తగ్గిపోతుంది.

దీనికి పాఠ్యపుస్తకంలో ఉన్న సూత్రం సులువైనది: పదార్థంలో ప్రతి పొరా తనకు చేరిన కాంతిలో అదే వంతు మింగేస్తుంది. ఇది చదివాక, ఎంత మింగాలన్నది పూర్తిగా పదార్థం గుణమేనన్న నమ్మకం మనసులో స్థిరపడిపోతుంది. నా దృష్టిలో అది సగం నిజం. కాంతి ఎలా వస్తోందన్నది మిగతా సగం. అత్యంత చిక్కటి పదార్థం కూడా, సరైన బలంతో సరైన చిన్న లేజర్ పల్స్, అంటే క్షణకాలపు కాంతి తునక, వస్తే, దాన్ని చెక్కుచెదరకుండా అవతలికి పంపేస్తుంది.

ఈ సంగతిని 1967లో బయటపెట్టినవాళ్లు అమెరికాలోని శామ్ మెక్‌కాల్, ఎర్విన్ హాన్. హాన్ అప్పటికే పేరున్నవాడు. 1950లో ఆయన కనుగొన్న స్పిన్ ఎకో, అంటే రేడియో పల్స్‌లకు పరమాణు కేంద్రకాలు ఇచ్చే ప్రతిధ్వని, ఇప్పుడు గుంటూరు కొత్తపేటలో మనం తీయించుకునే ఎంఆర్ఐ స్కాన్లలో పనిచేస్తోంది. పరమాణు కేంద్రకాలను రేడియో పల్స్‌తో సగం తిప్పవచ్చు, పూర్తిగా తలకిందులు చేయవచ్చు, మళ్లీ మొదటికి తేవచ్చు. ఇదంతా హాన్‌కు కొట్టిన పిండి. రేడియో తరంగాలకు, కేంద్రకాలకు చెల్లే ఈ లెక్క కాంతికి, ఎలక్ట్రాన్‌కు మాత్రం ఎందుకు చెల్లకూడదు?

అసలు విషయం ఇక్కడుంది. లయ కలిసిన కాంతి తగిలినప్పుడు పరమాణువు ఒక్కసారిగా కింది నుంచి పైకి గెంతదు. కొంచెం కొంచెంగా పైకి ఒరుగుతుంది. పూర్తిగా పైకి చేరాక కూడా అదే కాంతి ఇంకా తగులుతూ ఉంటే, ఈసారి కిందికి దిగుతూ తన శక్తిని అదే దిశలో కాంతికే ఇచ్చేస్తుంది. ఎంత తిరిగిందో కోణంతో చెప్పవచ్చు: పూర్తిగా పైకి చేరితే 180 డిగ్రీలు, తిరిగి కిందికి వస్తే 360. కాంతిలోని విద్యుత్ క్షేత్రం ఎంత బలంగా ఉంది, ఎంతసేపు ఉంది అన్న రెండూ కలిసి ఈ కోణాన్ని నిర్ణయిస్తాయి.

360 డిగ్రీల పల్స్ అంటే చేబదులు వ్యవహారం లాంటిది. ముందు సగం పరమాణువుకు శక్తిని అప్పుగా ఇస్తుంది, వెనక సగం ఆ మొత్తాన్ని వడ్డీ లేకుండా వసూలు చేసుకుంటుంది. పల్స్ దాటిపోయాక పరమాణువులు ఎప్పటిలాగే కింది స్థాయిలో ఉంటాయి. ఏ క్షణాన చూసినా పల్స్ శక్తిలో చాలా భాగం పరమాణువుల దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రయాణం మాత్రం నెమ్మదిస్తుంది. గాజులో కాంతి వేగం శూన్యంలోని వేగంలో మూడింట రెండు వంతులుంటే, ఇక్కడ వందో వంతుకూ, ఇంకా కిందికీ పడిపోగలదు.

బాగా తీవ్రమైన కాంతి వేసి పరమాణువులను నింపేస్తే పదార్థం పారదర్శకమవుతుంది, అది వేరే సంగతి. అక్కడ ఇచ్చిన శక్తి పరమాణువుల దగ్గరే ఉండిపోతుంది. ఇక్కడ బాకీ మిగలదు.

దీనికి ఒక గట్టి షరతు ఉంది. పరమాణువు తన లయను మరిచిపోకముందే పల్స్ పని ముగించాలి. పరమాణువులు ఒకదానికొకటి తగిలినా, స్ఫటికం వేడికి కదిలినా ఆ లయ చెదిరిపోతుంది. మెక్‌కాల్, హాన్ కెంపు స్ఫటికాన్ని ద్రవ హీలియంతో సున్నాకు దిగువన 269 డిగ్రీల సమీపానికి చల్లబరచింది అందుకే. తర్వాత 1970ల మొదట్లో స్లషర్, గిబ్స్ అనే ఇద్దరు రుబీడియం అనే లోహపు ఆవిరిలో దీన్ని ఎంతో శుభ్రంగా చూపించారు. వాళ్ల దగ్గరున్న పాదరసం లేజర్ లయ రుబీడియం లయతో కొద్దిగా కలవలేదు. దాంతో బలమైన అయస్కాంత క్షేత్రంతో రుబీడియం స్థాయిలనే జరిపి కలిపారు. ఆ ఓపికకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

మెక్‌కాల్, హాన్ లెక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం పల్స్ తనను తాను సరిదిద్దుకోవడం. కోణం 180 కన్నా తక్కువగా ఉన్న పల్స్ పదార్థంలో క్రమంగా హరించుకుపోతుంది. అంతకన్నా కాస్త ఎక్కువ, ఉదాహరణకు 220 డిగ్రీలుంటే, పోనుపోను 360కి చేరుకుంటుంది. బయటినుంచి శక్తి రాకుండా కోణం ఎలా పెరిగిందని అడగవచ్చు. క్షేత్రం సగమై, కాలం మూడింతలైతే కోణం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. పల్స్ శక్తి మాత్రం క్షేత్రం వర్గాన్నీ, కాలాన్నీ బట్టి ఉంటుంది కాబట్టి అది నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. అంటే పల్స్ కొంత శక్తి పోగొట్టుకుని, కాలంలో సాగి, ఎత్తు తగ్గి, నిలదొక్కుకుంటుంది.

720 డిగ్రీల పల్స్ పంపితే అది ఒకటిగా ఉండదు. లోపల రెండుగా చీలి, రెండు 360 డిగ్రీల పల్స్‌లుగా బయటికొస్తుంది. వాటిలో ఎత్తు ఎక్కువగా, నిడివి తక్కువగా ఉన్నది తన శక్తిని పరమాణువుల దగ్గర తక్కువసేపు ఉంచుతుంది కాబట్టి రెండోదానికన్నా ముందు చేరుతుంది.