కర్నూలులో నడిచేవాళ్ల దారి ఎక్కడ పోయింది?

ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. కర్నూలులో అడ్రసు చెప్పాలంటే ఈ పేర్లు రావాల్సిందే. 1953 అక్టోబరు 1న ఈ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది, క్యాంపుల పేర్లు ఇక్కడే ఉండిపోయాయి. అప్పటి తొందర ఆఫీసులది, ఉద్యోగులది. ఆ తొందరలో కూరగాయల గంప దించుకునే ఆడమనిషికి నీడ ఎక్కడని అడిగే తీరిక ఎవరికుంటుంది?

పాతబస్తీ తీరు వేరు. కొండారెడ్డి బురుజు చుట్టూ, తుంగభద్రలో హంద్రీ కలిసే పల్లంలో పెరిగిన సందులవి. బండ్ల కోసం కాదు, మనుషులు నడవడానికి పుట్టినవి. ఇంటి ముందు అరుగు ఉండేది, అలసినవాళ్లు కూర్చునేవాళ్లు. ఎవరు కూర్చోవచ్చో కులం చూసి చెప్పిన అరుగులూ ఉన్నాయి, అది మరవకూడదు. బండ్లు పెరిగి వీధిని వెడల్పు చేసినప్పుడల్లా ముందు పోయేది ఆ అరుగే. దాని చోట మురుగుకాలువ, కాలువ మీద బండ, బండ మీద దుకాణం మెట్లు. ఊతకర్రతో నడిచేవాళ్లకు ఇక రోడ్డు మధ్యే దిక్కు.

2009 అక్టోబరు 2న వరద పాతబస్తీని ముంచింది. అంత నీరు చూసిన ఊరు ఇల్లు ఎత్తుగా కట్టుకోవాలనుకోవడం సహజం, నేను తప్పు పట్టను. కానీ గడప ఎత్తు పెరిగే కొద్దీ మెట్లూ పెరుగుతాయి. మెట్లెక్కలేనివాళ్ల కోసం వాలు (ర్యాంపు) వేయాలంటే చోటు వీధిలోనే వెతకాలి. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు కావాలి. ఇరుకు సందులో ఒక్కో ఇల్లు విడిగా చేసుకోగలిగే పని కాదిది, వీధి మొత్తానికీ కలిపి ఆలోచించాలి.

చట్టాలకు కొదవ లేదు. వికలాంగుల హక్కుల చట్టం మొదట 1995లో, మళ్లీ విస్తరించి 2016లో వచ్చింది. ఉన్న ప్రభుత్వ భవనాలను అందరూ వాడుకునేలా మార్చడానికి ఐదేళ్లు ఇచ్చారు. నియమాలు వచ్చిన 2017 జూన్ నుంచి లెక్కిస్తే ఆ గడువు 2022లోనే ముగిసింది. ఆ నియమాలు పాటించి తీరాల్సినవిగా కాక, సలహాల్లా ఉన్నాయని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుపట్టి, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు తెమ్మంది. తోపుడుబండ్లవాళ్లకు 2014 చట్టం ఉంది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వాళ్లే ఉండాలి, అందులో మూడోవంతు మహిళలు. బండ్లను ఎక్కడ నిలపాలో తేల్చేటప్పుడు వాళ్ల మాట వినాలని దాని అర్థం.

నన్ను ఎక్కువ బాధించేది పెద్దాసుపత్రి దారి. జిల్లా నుంచే కాదు, పక్క రాష్ట్రాల నుంచీ రోగులు వస్తారు. చక్రాల కుర్చీ లోపల దొరుకుతుంది. బస్సు దిగిన చోటి నుంచి గేటు దాకా రోగిని ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. మే నెల ఎండలో, నీడ లేని రోడ్డు మీద.

వాలు రోడ్డు ఎస్టిమేటులోనే ఉండాలి, కాలువ మీది బండతో పాటే. తర్వాత గుర్తొస్తే వేసిన రోడ్డును పగలగొట్టాలి, మళ్లీ టెండరు పిలవాలి. అప్పటిదాకా రోగిని ఎత్తుకోవడమే.