రిప్లీ తలుపెందుకు తియ్యలేదు

చిట్టీ, నానీ,

మీ అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది, సంక్రాంతికి మీరిక్కడున్నప్పుడు మనం పెట్టుకుని చూసిన ఏలియన్ సినిమా గురించి మీరిద్దరూ ఇంకా దెబ్బలాడుకుంటున్నారంట. నానిగాడేమో ఆ రిప్లీకి మనసే లేదు, తోటోడు చచ్చిపోతుంటే తలుపు తియ్యనందేంటి, అదేం హీరో అంటున్నాడంట. చిట్టేమో ఆవిడ చేసింది కరెక్టే అంటోంది గానీ ఎందుకు కరెక్టో అడిగితే మూతి ముడుచుకుంటోందంట. ఫోన్లో చెప్తే మీరు సగం వింటారు సగం గేమ్ ఆడతారు, అందుకని కూర్చుని టైప్ చేస్తున్నా, ఈ ఫోన్లో ఒత్తులు ఓ పట్టాన పడి చావవు, తప్పులుంటే సర్దుకు చదువుకోండి.

ఆ సినిమా 1979లో వచ్చింది, రిడ్లీ స్కాట్ తీసేడు. అందులో నోస్ట్రోమో అనే అంతరిక్ష ఓడ ఉంది చూసేరా, అది యుద్ధం చేసే ఓడా కాదు, కొత్త గ్రహాలు కనిపెట్టడానికి పోయే ఓడా కాదు, 2 కోట్ల టన్నుల ఖనిజంతో ఉన్న రిఫైనరీని వెనకాల తగిలించుకుని భూమికి ఈడ్చుకొస్తున్న సరుకు ఓడ. ఏడుగురు మనుషులు, ఒక పిల్లి. నిద్ర లేచీ లేవగానే పార్కరూ బ్రెట్టూ మాట్లాడేది దేని గురించి? బోనస్ గురించి. మాక్కూడా మిగతావాళ్ళతో సమానంగా వాటా రావాలి అని. నాకు ఆ సినిమా మీద నమ్మకం కుదిరింది అక్కడే, ఎందుకంటే ఉద్యోగాలు చేసేవాళ్ళు ఒకచోట చేరితే నిజంగా మాట్లాడుకునేది అదే. దారిలో సిగ్నల్ వచ్చింది, వెళ్ళి చూడకపోతే మొత్తం వాటాలు పోతాయని కంపెనీ కాంట్రాక్టులో రాసుంది, అందుకని సిగ్నల్ వచ్చిన చోట దిగేరు, అంతేగానీ ఎవరికీ సాహసం చేసేద్దాం అన్న సరదా ఏం లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి, కథ రాసుకున్నప్పుడు ఆ పాత్రలు మగవాళ్ళా ఆడవాళ్ళా అని తేల్చి రాయలేదు, అందరికీ ఇంటిపేర్లే, ఎవరైనా వెయ్యొచ్చు అని స్క్రిప్టులోనే రాసేరు. తరవాత రిప్లీగా సిగోర్నీ వీవర్ని పెట్టేరు. అందుకే చూడండి, ఆవిడ చేత ప్రత్యేకంగా "ఆడది కాబట్టి" అని ఒక్క డైలాగూ చెప్పించరు, ఆవిడొక ఆఫీసరు, అంతే. హోదాలో మూడో మనిషి. ఈ మూడో మనిషి అన్నది గుర్తు పెట్టుకోండి, గొడవంతా దాని మీదే ఉంది.

ఇప్పుడా తలుపు దగ్గరికి వద్దాం. కెప్టెన్ డల్లాసూ, రెండో వాడు కేనూ, దారి చూసే లాంబర్టూ ముగ్గురూ బయటికెళ్ళేరు. కేన్ మొహాన ఆ జంతువు అతుక్కుపోయింది, హెల్మెట్ అద్దం కరిగించుకుని మరీ లోపలికొచ్చింది. మిగతా ఇద్దరూ అతన్ని మోసుకొచ్చి తలుపు తియ్యమంటున్నారు. లోపల ఉన్నవాళ్ళలో అప్పుడు పెద్ద ఎవరు? రిప్లీ. పైవాళ్ళిద్దరూ బయట ఉన్నారు కాబట్టి ఓడ ఆవిడ చేతిలో ఉంది. కెప్టెన్ ఆర్డర్ వేసేడు, తియ్యి అని. ఆవిడ అడిగింది, అతని మీద ఉన్నదేంటి అని. ఏదో జీవి అన్నారు. 24 గంటలు బయటే ఉండాలి, క్వారంటైన్ రూలు మీకూ తెలుసు కదా అంది. 24 గంటల్లో చచ్చిపోతాడు అని అతను, లోపలికి రానిస్తే అందరం చచ్చిపోవచ్చు అని ఈవిడ. గొంతు పెంచలేదు, ఏడవలేదు, కానీ మొహం చూసేరా, చెప్తున్న మాట ఆవిడకే గొంతులో అడ్డం పడుతున్నట్టుంది. మనసు లేని మనిషి మొహం అలా ఉండదు నానీ. ఈలోపు సైన్స్ ఆఫీసర్ యాష్ గమ్మున వెళ్ళి బటన్ నొక్కేసేడు. 2003లో వచ్చిన డైరెక్టర్స్ కట్‌లో, అంటే దర్శకుడు మళ్ళీ కూర్చిన సినిమాలో అయితే లోపలికొచ్చేక లాంబర్ట్ రిప్లీని లాగి చెంప మీద ఒక్కటిచ్చుకుంటుంది, ఒక్కళ్ళూ అయ్యో అనరు.

మీకు మన ఊరి సంగతి ఒకటి చెప్తా, మీ అమ్మ అప్పటికి చిన్నపిల్ల. 1986 ఆగస్టు వరద, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది ఎంతకో తెలుసా, 17.75 అడుగులకి, అదీ దాటింది. నేను అప్పుడు కాలవల మీద డ్యూటీ. ఊళ్ళో మురుగు కాలవ ఏట్లో కలిసే చోట గట్టు కింద తూము ఉంటది, మామూలు రోజుల్లో చేల నీళ్ళు అందులోంచి గోదాట్లోకి పోతాయి. వరదొస్తే షట్టరు దింపేస్తాం, దింపకపోతే పోయే దారిలోంచే గోదారి లోపలికొచ్చేస్తది కదా. పైన వాన, చేలల్లో అప్పుడే వేసిన సార్వా నాట్లు నీళ్ళల్లో ములిగిపోయేయి, రైతులు గట్టెక్కి షట్టరు ఎత్తండి, కాసేపు ఎత్తి దింపండి, మా నీళ్ళు పోతాయి అని పట్టుకున్నారు. అటు చూస్తే ఏట్లో నీళ్ళు ఇటు వైపు కంటే ఎత్తులో ఉన్నాయి, గేజి రాయి మీద కనపడుతూనే ఉంది, కానీ ములిగిన చేను కళ్ళ ముందుంటే గేజి రాయి ఎవడు చూస్తాడు. మేం షట్టరు తిప్పే హ్యాండిల్ విప్పేసి భుజాన వేసుకుని గట్టు మీదే కూర్చున్నాం, రాత్రంతా బూతులు తింటూ. తిట్టినవాళ్ళలో నాకు వరసకి బావ అయ్యేవాడు ఒకడు ఉన్నాడు, పెళ్ళిళ్ళల్లో ఎదురు పడినా మొహం తిప్పుకునేవాడు చాలా ఏళ్ళు. అతని చేను పోయింది నిజమే, అతని బాధ అబద్ధం కాదు. కానీ ఆ షట్టరు నాది కాదురా, ఎత్తి మంచోణ్ణి అనిపించుకోడానికి. దాని వెనకాల ఎన్నో కొంపలున్నాయి.

రిప్లీ చేసిందీ అదే. కెప్టెన్ ఆర్డర్ వేసేడు అంటావు నానీ, కానీ బయట ఉన్న కెప్టెన్ అప్పుడు కెప్టెన్‌లా మాట్లాట్టం లేదు, స్నేహితుణ్ణి మోస్తున్నవాడిలా మాట్లాడుతున్నాడు. రూలు పెట్టేది అలాంటప్పటి కోసమే, మనసు కుదురుగా ఉన్న రోజున ఆలోచించి రాసుకున్నది మనసు కుదురు తప్పిన రోజున పనికిరావాలని. కరోనాలో మీరూ చూసేరు కదా, మీ నాన్న పై గదిలో ఉంటే కంచం మెట్ల మీద పెట్టి వచ్చేసేవారు, ప్రేమ లేకనా?

తరవాత ఏమైందో మీకు తెలుసు, కేన్ ఛాతీ చీల్చుకుని జంతువు బయటికొచ్చే ఆ భోజనం బల్ల సీను దగ్గర చిట్టి కళ్ళు నేనే మూసేను. ఆ జంతువు రక్తమే యాసిడ్, కోద్దామంటే ఓడ అంతస్తులు కరిగించుకుంటూ కిందకి పోతది, అంటే లోపలికి వచ్చేక ఇంక చేసేదేం లేదు, ఆపగలిగిన చోటు ఆ తలుపొక్కటే. యాష్ తలుపు తీసింది జాలితో కాదని రిప్లీకి తెలిసేసరికి డల్లాస్ కూడా పోయేడు. ఓడ కంప్యూటర్‌ని ఆవిడ నిలదీస్తే రహస్యం బయటపడింది, ఆ జీవిని తీసుకురావడమే ముఖ్యం, మనుషులు పోయినా పర్లేదు అని కంపెనీ ముందే ఆర్డర్ ఇచ్చింది. యాష్ మనిషే కాదు, రోబో. అందుకే నాకు ఆ సీను రెండోసారి చూసినప్పుడు ఒళ్ళు మండింది, అందరూ మానవత్వం అనుకున్నది కంపెనీ పని, అందరూ కసాయితనం అనుకున్నది ఆ ఓడలో మనుషుల పక్షాన నిలబడ్డ ఒకే ఒక్క మాట.

మరి పిల్లి కోసం వెనక్కి ఎందుకెళ్ళింది, అప్పుడు రూలు ఏమైపోయింది అని చిట్టి అడిగిందంట, మంచి ప్రశ్న, నాని అడగాల్సింది. ఓడ పేలిపోడానికి 10 నిమిషాలు, మధ్యలో ఆ జంతువు దారికి అడ్డం, పిల్లి ఉన్న పెట్టె వదిలేసి పరిగెట్టిన మనిషి తిరిగొచ్చి మళ్ళీ ఆ పెట్టె ఎత్తుకుని పోయింది. అప్పటికి ఓడలో ఇంకెవరూ బతికి లేరు చిట్టీ. పోతే పోయేది ఆవిడ ప్రాణం ఒక్కటే. తన ప్రాణమైతే పిల్లి కోసం కూడా పణం పెడుతుంది, పదిమంది ప్రాణమైతే స్నేహితుడి కోసం కూడా పెట్టదు. నేను చూసినంతలో ఆవిడ లెక్క ఇది.

రెండో సినిమా 1986లో వచ్చింది, మన వరదొచ్చిన ఏడాదే, జేమ్స్ కామెరాన్ తీసేడు. అందులో అందరికీ యుద్ధం సీన్లు ఇష్టం, నాకు మాత్రం మొదట్లో ఎంక్వైరీ గది ఇష్టం. నాని ఆ సీను స్కిప్ చేసేడని నాకు తెలుసు. రిప్లీ నిద్రలోనే 57 ఏళ్ళు అంతరిక్షంలో కొట్టుకుపోయి దొరికింది. బల్ల చుట్టూ కోట్లు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులు ఆవిణ్ణి అడిగేది 4 కోట్ల 20 లక్షల డాలర్ల ఓడని ఎందుకు పేల్చేవు అని. పోయిన ఆరుగురి మాట వాళ్ళకి ముఖ్యం కాదు, ఓడ ముఖ్యం. ఆ జంతువు దొరికిన చోట ఇప్పుడు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి, ఎవరూ ఏ జంతువూ ఉందని కంప్లైంట్ చెయ్యలేదు అని చెప్పి ఆవిడ లైసెన్స్ పీకేసేరు. సినిమాకి తరవాత కలిపిన ముక్కలో ఇంకోటి ఉంది, పదకొండో పుట్టినరోజుకి వచ్చేస్తానని మాటిచ్చిన కూతురు ఈవిడ నిద్రలో ఉండగానే ముసలిదై 66వ ఏట పోయింది. ఆ ముక్క థియేటర్లో కోసేసేరు, ఎందుకు కోసేరో గానీ అది లేకపోతే తరవాత న్యూట్ అనే ఆ చిన్నపిల్ల కోసం ఈవిడ పడే ఆరాటం సగమే అర్థమవుతుంది.

లైసెన్స్ పోయేక ఏం చేసింది? రేవులో సరుకు ఎత్తే పనికి పోయింది, ఆ పెద్ద ఇనప చేతుల లోడర్ నడిపే పని. సైనికులతో వెళ్ళినప్పుడు వాళ్ళు ఈవిడకేం చేతనవుతుందిలే అన్నట్టు చూస్తారు, అప్పుడు ఆ లోడర్ ఎక్కి, పెట్టె ఎత్తి ఎక్కడ పెట్టమంటారు అని అడుగుతుంది, వాళ్ళ మొహాలు చూడాలి. చివర్లో గుడ్లు పెట్టే రాణి జంతువుతో కొట్లాడింది ఆ లోడర్‌తోనే, తుపాకులతో కాదు. షూటింగ్‌లో కూడా అది కంప్యూటర్ బొమ్మ కాదు, పెద్ద సైజు లోడర్ నిజంగానే చేసి, వీవర్ వెనకాల ఇంకో మనిషిని దాచి నడిపించేరు. అన్నట్టు తలుపు తియ్యని మనిషి అంటావు గానీ నానీ, రెండు సినిమాల్లోనూ ఆఖర్న తలుపు తీసింది ఆవిడే, ఆ జంతువుని బయటికి గెంటడానికి.

న్యూట్‌ని వెతుక్కుంటూ కిందకి ఒక్కత్తే వెళ్ళింది సరే, మరి పైన రోబో బిషప్‌నీ, దెబ్బలు తగిలిన సైనికుడు హిక్స్‌నీ పేలిపోయే చోట ఆగమంది కదా, వాళ్ళ ప్రాణాలు పణం పెట్టినట్టే కదా అని మీలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. నిజమే, అక్కడ నా లెక్క కుదర్దు. పిల్ల విషయంలో ఆవిడ లెక్కలు చూసుకోలేదు, చూసుకోనందుకు నాకేం బాధ లేదు కూడా.

ఇంక మూడోది, 1992, డేవిడ్ ఫించర్ మొదటి సినిమా. మొదట్లోనే న్యూట్‌నీ హిక్స్‌నీ నిద్రలోనే చంపేసేరు, ఆ పిల్ల కోసం అంత కష్టపడ్డాక అలా చెయ్యడం నాకు ఇప్పటికీ కోపమే. కానీ నాని ప్రశ్నకి అసలు జవాబు అందులో ఉంది. ఖైదీలు ఉండే గ్రహం, తల గుండు కొట్టించుకున్న రిప్లీ, ఈసారి ఆ జంతువు ఆవిడ ఒంట్లోనే ఉంది, అదీ రాణి. కంపెనీ వాళ్ళు వచ్చి, ఆపరేషన్ చేసి తీసేస్తాం, నువ్వు బతుకుతావు, పిల్లల్ని కనొచ్చు అని బతిమాలుతున్నారు. అంటే అప్పుడు తలుపు బయట కేన్ ఎలా ఉన్నాడో ఇప్పుడు తను అలా ఉంది. తీస్తే తను బతకొచ్చేమో, కానీ అది కంపెనీ చేతికి పోతది, అక్కణ్ణించి భూమికి. ఆవిడ కొలిమిలోకి వెనక్కి వాలిపోయింది. కేన్‌కి ఏ రూలు చెప్పిందో తనకీ అదే చెప్పుకుంది, ఒక్క అడుగు కూడా తేడా లేకుండా. మనసు లేని మనిషి అయితే ఊళ్ళోవాళ్ళకొక రూలు, తనకొకటి పెట్టుకునేది కదరా. నేను అలాంటోళ్ళని సర్వీసులో బోల్డుమందిని చూసేను.

అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2003లో సినిమా హీరోల లిస్టు వేస్తే రిప్లీకి 8వ స్థానం ఇచ్చేరు, చిట్టికి దెబ్బలాటలో పనికొస్తుందని చెప్తున్నా.

మూడోది చిట్టి ఇప్పుడే చూడక్కర్లేదు, ఇంటర్ అయ్యేక చూసుకోవచ్చు, మీ అమ్మకి తెలియకుండా ల్యాప్‌టాప్‌లో పెట్టేరంటే నాకు తిట్లు. 1997లో నాలుగోది వచ్చింది, అందులో ఉన్నది ఆవిడ రక్తం నించి పుట్టించిన క్లోను, చేతి మీద 8 అని నెంబరు వేసుంటది, దాన్ని ఈ గొడవలోకి లాగకండి. నానీ, నువ్వు మాత్రం రెండోది మళ్ళీ పెట్టుకుని ఆ ఎంక్వైరీ సీను పూర్తిగా చూసి అప్పుడు ఫోన్ చెయ్యి, రాత్రి 8 దాటేక చెయ్యి, మీ అమ్మమ్మ సీరియల్ అయిపోతది, మాట వినపడుతుంది.

మీ తాతయ్య