కమలాపురంలో నాటిన కంప

ఈ చెట్టుకు ఊరికో పేరు. సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, చిల్లచెట్టు. చాలామందికి ఉత్త కంపచెట్టు. చెరువు కడుపులో, రైలు పట్టాల వెంట, బీడు పడ్డ చేలల్లో ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి తనంతట తానే వచ్చిందనుకుంటాం. కాదు, ఏరి కోరి తెప్పించారు. సర్కారు అన్న మాటలోనే ఆ సంగతి ఉంది.

దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల వైపు. మెట్ట ప్రాంతాల్లో వేయడానికి ఈ విత్తనాలు తెప్పించమని 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ ప్రభుత్వాన్ని అడిగాడు. మరుసటి ఏడు కడప జిల్లా కమలాపురంలో నాటారు. రాయలసీమను పెద్ద కరువు పీల్చి పిప్పి చేస్తున్న రోజులవి. నీళ్లు పోయకపోయినా బతికి, వంటచెరకు ఇచ్చే చెట్టును ఎవరు వద్దంటారు? 1940లో జోధ్‌పూర్ సంస్థానమైతే దీన్ని రాజవృక్షమనే ప్రకటించింది. 1960ల్లో గుజరాత్‌లోని కచ్‌లో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా అడ్డంగా వేశారు. అది ఎడారిని ఆపిందో లేదో గానీ అక్కడి బన్నీ గడ్డిభూమిని చాలా వరకు మింగేసింది.

ఏ గుణం చూసి తెచ్చారో అదే మెడకు చుట్టుకుంది. ఆకు చేదు, పశువు ముట్టదు. కాయ మాత్రం తియ్యన. పసుపు తిరిగి రాలిన కాయల్ని గొర్రెలు, మేకలు ఏరుకుని తింటాయి. గింజ పెంకు గట్టిది, కడుపులో నానుతుంది గానీ చాలావరకు అరగదు. ఎరువుతో సహా కొత్తచోట పడుతుంది. తొలకరి తర్వాత మంద పెట్టిన చోట పెంటికల్ని కాలితో కదిపి చూడండి, మొలకలు కనిపిస్తాయి.

దీన్ని నల్లతుమ్మ అనుకునేవాళ్లు ఎక్కువ. నల్లతుమ్మ పువ్వు గుండ్రటి పసుపు బంతి, కాయ పూసలు గుచ్చినట్టు గింజ గింజకీ నొక్కుకుపోయి ఉంటుంది. సర్కారు తుమ్మది వేలాడే కంకి, కాయ సన్నగా పొడుగ్గా సాఫీగా ఉంటుంది. జమ్మితో తేడా ముళ్లలో తెలుస్తుంది. జమ్మికి పొట్టి ముళ్లు కొమ్మంతా చెదిరి ఉంటాయి, దీనికి ఆకు పుట్టే కణుపు దగ్గరే, తరచుగా జతగా. రెండూ మొన్నటిదాకా ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతి. 2022లో శాస్త్రజ్ఞులు దీన్ని నెల్టుమా అని విడదీశారు, జమ్మికి పాత పేరే మిగిలింది. కంప కొట్టే హడావుడిలో జమ్మి పిల్లలు కూడా పోతుంటాయి. దసరాకి ఆకు కోసం వెతుక్కునేది మళ్లీ మనమే.

ఇక తీసెయ్యడం. ఇన్నేళ్లుగా మనం ఎక్కువగా చేసింది కొట్టడమే గానీ తీయడం కాదు. పొయ్యికో, బొగ్గు బట్టీకో, పవర్ ప్లాంటుకో నేలకు జానెడు పైన నరుకుతాం. నరికిన మొద్దు పక్క మట్టి తోస్తే, వేరూ కాండం కలిసే చోట బుడిపెలు బుడిపెలుగా మొగ్గలుంటాయి. ఒక్క కొమ్మ పోతే పది పిలకలు లేచేది అక్కడి నుంచే. ఆ బుడిపెల భాగాన్ని సుమారు అడుగు లోతున తవ్వి తీస్తే, కింద మిగిలిన వేరు సాధారణంగా చిగురించదు. కానీ బట్టీ మీద బతికేవాడికి పిలకే పంట, వేరు ఎందుకు తవ్వుతాడు? దక్షిణాఫ్రికాలోనూ ఇదే పేచీ. ఈ చెట్టు దగ్గరి చుట్టాల కాయలు, కలప కావాలనేవాళ్లు ఉన్నారని, 1987లో అక్కడ చెట్టు జోలికి పోకుండా గింజల్ని మాత్రమే తినే పురుగును వదిలారు.

జేసీబీ పెట్టి చేను శుభ్రం చేయించుకున్నా పని అయిపోదు. మట్టిలో గింజలుంటాయి కాబట్టి వరసగా కొన్నేళ్లు, నేల మెత్తగా ఉన్నప్పుడే మొలకల్ని చేత్తో పీకాలి. కాయలు తిని వచ్చిన మందను ఆ చేలో పెట్టించే ముందు కొన్ని రోజులు దొడ్లోనే ఉంచి వేరే మేత వేయాలి.